డ్రైవింగ్ రాని వాళ్ల ఊరు ఏది?

ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఉంటున్నామని చెబితే హైదరాబాద్‌లో చుట్టాలకి అర్థం కాదు. డెట్రాయిట్ అంటే సరిపోతుంది. ఇక్కడి తెలుగువాళ్లం అందరం అలాగే చెబుతాం. అందులో పూర్తి అబద్ధం లేదు, పూర్తి నిజమూ లేదు. పడుకునేది ఫార్మింగ్టన్ హిల్స్‌లో. ఉద్యోగం ఆబర్న్ హిల్స్‌లోనో, డియర్‌బోర్న్‌లోనో, వారెన్‌లోనో. వేంకటేశ్వరస్వామి గుడి నోవైలో. పిల్లల సంగీతం ఒక ఊళ్లో, ఈత ఇంకో ఊళ్లో. మన రోజు ఏ ఊళ్లో గడిచిందంటే, నిజానికి కార్లో గడిచింది.

అలాగని ఇది వట్టి పడక ఊరు కాదు. 1973లో నగరమైంది, 2020 జనాభా లెక్కల్లో 83,986 మంది తేలారు. నిస్సాన్ టెక్నికల్ సెంటర్, బాష్ లాంటి పెద్ద ఆఫీసులు ఊళ్లోనే ఉన్నాయి. ట్వెల్వ్ మైల్ రోడ్డు మీద మంచి లైబ్రరీ ఉంది. పిల్లలు తగ్గి 2019లో మూతపడ్డ హారిసన్ హైస్కూలును పడగొట్టకుండా ‘ది హాక్’ అనే కమ్యూనిటీ సెంటరుగా మార్చుకున్న ఊరిది. చెట్లకీ చదువులకీ లోటు లేదు. నా ఫిర్యాదు ఒక్కటే: స్టీరింగు పట్టని మనిషి ఈ ఊరి లెక్కలోకి రాడు.

ఆరు నెలల వీసా మీద వచ్చిన అమ్మానాన్నలు, కొత్తగా కాపురానికొచ్చి ఇంకా లైసెన్సు రాని అమ్మాయి, పదహారు నిండని పిల్లలు, చూపు మందగించి తాళాలు పక్కన పెట్టేసిన పెద్దవాళ్లు. అందరూ శనివారం కోసం ఎదురుచూసేవాళ్లే. పచారీ కొట్టు కనుచూపు మేరలోనే ఉంటుంది. కానీ వీధి వంకర్లు తిరిగి ట్వెల్వ్ మైల్ లాంటి పెద్ద రోడ్డు ఎక్కేసరికి కాలిబాట సగంలో ఆగిపోతుంది, అవతలికి వెళ్లాలంటే ఐదు వరసల కార్లు దాటాలి. ఇక మంచు పడ్డాక నడక మాటే లేదు. డ్రైవరు లేని కారు కోసం రాత్రింబవళ్లు కోడు రాసే ఇంజనీరు ఇంట్లో, వాళ్లమ్మ గుడికి తీసుకెళ్లే డ్రైవరు కోసం కిటికీ దగ్గర కూర్చుని ఉంటుంది.

ఇది నేల స్వభావం అనుకుంటే పొరపాటు. పక్కనున్న చిన్న ఫార్మింగ్టన్ 1824లో క్వేకర్లు వేసిన పల్లె. 1900 నాటికే డెట్రాయిట్ నుంచి గ్రాండ్ రివర్ దారి వెంట అక్కడికి ఎలక్ట్రిక్ రైలు వచ్చింది. అందుకే ఇవాళ్టికీ అంగడి నుంచి అంగడికి నడిచిపోగలిగే నడిబొడ్డు ఆ ఊరికి ఉంది, దాన్ని దాదాపు చుట్టుముట్టి ఉన్న మన ఊరికి లేదు. తర్వాత కార్లు వచ్చి రైలును తరిమేశాయి. పాంటియాక్ నుంచి డెట్రాయిట్‌కి నడిచిన కమ్యూటర్ రైలు 1983లో ఆగిపోయింది. ఐ-696 ఫ్రీవే 1989లో పూర్తయింది, దానికి కార్ల కార్మికుల నాయకుడు వాల్టర్ రూథర్ పేరు పెట్టారు. ఒక్కో నిర్ణయం ఎవరో కూర్చుని తీసుకున్నదే.

ఇలాంటి ఊరు ఎంత గుడ్డిదో మనవాళ్లకి 2019 జనవరిలో తెలిసొచ్చింది. నార్త్‌వెస్టర్న్ హైవే పక్కన ఒక ఆఫీసు భవనంలో ‘యూనివర్సిటీ ఆఫ్ ఫార్మింగ్టన్’ ఉండేది. పాఠాల్లేవు, పంతుళ్లు లేరు. వీసా మోసాలు పట్టడానికి వలగా దాన్ని నడిపింది అమెరికా ఇమిగ్రేషన్ శాఖ రహస్య ఏజెంట్లు. చేరిన సుమారు 600 మందిలో ఎక్కువమంది మన తెలుగు పిల్లలే. ఫీజులు కట్టారు, ఆ ఏడాది ముగిసేలోపు 250 మంది దాకా అరెస్టయ్యారు. తప్పు పిల్లలదా, ప్రభుత్వానిదా అన్న తగవు కోర్టుల్లో సాగింది. నాకు తోచేది వేరు. అమీర్‌పేటలో క్లాసుల్లేని కాలేజీ పెట్టి చూడండి. ఎదురు టీ కొట్టువాడు వారంలో కనిపెడతాడు, పదో రోజుకి బస్టాపు దాకా పాకుతుంది. ఇక్కడ పక్క ఆఫీసులో ఎవరికైనా అనుమానం వచ్చినా అది పార్కింగ్ లాట్ దాటదు. వచ్చేపోయేవాళ్లు లేని చోట వదంతి కూడా నడవదు. మనుషులు ఒకరినొకరు చూసుకోకుండా కట్టిన ఊళ్లో ఉత్తుత్తి విశ్వవిద్యాలయం నిశ్చింతగా బతికింది.

"బస్సులు వేస్తే ఎవరెక్కుతారండీ, ఖాళీగా తిరుగుతాయి" అంటారు మిత్రులు. గంటకొకటి వస్తే ఎవరూ ఎక్కరు, నిజమే. కానీ ఎనిమిదో మైలు నుంచి పద్నాలుగో మైలు దాకా మైలుకొకటి చొప్పున తిన్నగా సాగే రోడ్లున్న ఊరిది. బస్సుకి ఇంతకంటే అనువైన పటం ఉండదు. లేనిదల్లా ఇంటి నుంచి ఆ రోడ్డు దాకా కాలిబాట, రోడ్డు మీద ఇరవై నిమిషాలకో బస్సు.

బస్సు సంగతి తేలేది పోలింగు బూత్‌లో. డెట్రాయిట్ ప్రాంతంలోని నాలుగు కౌంటీలకీ కలిపి రవాణా పన్ను వేద్దామన్న ప్రతిపాదన 2016లో కొద్ది తేడాతో ఓడిపోయింది. మన ఓక్లాండ్ కౌంటీలో ప్రాంతీయ రవాణా సంస్థ ‘స్మార్ట్’ నడిపే బస్సు వద్దనుకునే హక్కు ఒక్కో ఊరికీ ఉండేది. ఫార్మింగ్టన్ హిల్స్ బస్సు కావాలంది, గుడి ఉన్న నోవై వద్దంది. 2022 నవంబరులో కౌంటీ ఓటర్లు ఆ వెసులుబాటు తీసేసి పన్నుకు ఒప్పుకున్నాకే అక్కడికి బస్సు దారి తెరుచుకుంది. ఆ ఓటింగు ముందు మన వాట్సాప్ గ్రూపుల్లో దాని ఊసు ఎంత వినిపించిందో గుర్తు తెచ్చుకోండి. విజయవాడ టికెట్ ఎవరికిస్తారన్న చర్చ మాత్రం తెల్లవార్లూ నడుస్తుంది.

చేతకాక కాదు. 2015లో డెట్రాయిట్‌లో, 2025లో నోవైలో తానా (ఉత్తర అమెరికా తెలుగు సంఘం) మహాసభలు నడిపిన జనం మనం. వేలమందికి అరిటాకు భోజనం పెట్టగలిగినవాళ్లం, సిటీ కౌన్సిల్ సమావేశానికి పదిమందిని పంపలేమా? ఓటు లేనివాళ్లూ ఇంటి పన్ను కడుతున్నారు. ప్రజలు మాట్లాడే సమయంలో మైకు ముందు నిలబడటానికి పౌరసత్వం అడగరు. ఫలానా వీధి చివర కాలిబాట తెగిపోయింది, ఫలానా చోట రోడ్డు దాటే దీపం లేదు అని రాసుకెళ్లి చదివితే సమావేశం మినిట్స్‌లోకి ఎక్కుతుంది. మనం కారు దిగి రెండు గంటలు ఆ హాల్లో కూర్చోకపోతే, ఊరు మనకి ఇచ్చేది గ్యారేజీ మాత్రమే.