తాడెక్కే నేర్పు

బాపట్ల నుంచి సూర్యలంక వెళ్లే దారిలో తాటిచెట్టు ఎక్కుతున్న మనిషిని చూస్తూ చాలాసేపు నిలబడిపోయాను. నడుముకున్న మోకు చెట్టును బిగించి పట్టాకే కాళ్లు పైకి జరుపుతాడు. కాళ్ల బందం నిలిచాకే మోకు ఎగదోస్తాడు. రెండు పట్లూ ఒకేసారి వదలడు. ఇస్రో రోదసికి పంపిన మరచేయి నడకా ఇదే.

2024 డిసెంబర్ 30న శ్రీహరికోటలో లేచిన పీఎస్‌ఎల్‌వీ-సీ60 అనగానే, 2025 జనవరి 16న జతకూడిన స్పేడెక్స్ ఉపగ్రహాలే అందరికీ గుర్తొస్తాయి. నా మనసు మాత్రం పోయెమ్-4 దగ్గర ఆగిపోయింది. ఉపగ్రహాలను దించేశాక మిగిలిన రాకెట్ నాలుగో దశ అది. తుక్కు కావలసిన దానికే 24 పరికరాలు అమర్చి ప్రయోగశాల చేశారు. అలసంద గింజ మొలిచింది అందులోనే. తిరువనంతపురంలోని ఇస్రో ఇనర్షియల్ సిస్టమ్స్ యూనిట్ చేసిన ఏడు కీళ్ల చేయి కదిలిందీ అందులోనే. ఒక కొసతో పట్టుకుని, రెండో కొస ముందుకు వేసి నడిచేలా దాన్ని మలిచారు. రోదసి శకలాలను ఒడిసిపట్టే సాధనకు మరో చేయి కూడా అమర్చారు.

తుక్కు విలువ తెనాలికి కొత్త కాదు. ఇక్కడి సూర్య శిల్పశాలలో కాటూరి వెంకటేశ్వరరావు, ఆయన కుమారుడు ఇనుప తుక్కుతో నిలువెత్తు విగ్రహాలు నిలబెట్టారు.

మరచేతుల అవసరం మరమ్మతులో తెలుస్తుంది. రోదసిలో అది చాలా కష్టం. అక్కడ బోల్టు తిప్పబోతే, పట్టు లేనివాడు తానే తిరిగిపోతాడు. అయినా చూపు మసకగా ఉన్న హబుల్ టెలిస్కోపును 1993లో అమెరికా వదిలేయలేదు. స్పేస్ షటిల్‌కున్న, కెనడా చేసిన మరచేయి దాన్ని పట్టి దగ్గరికి చేర్చింది, వ్యోమగాములు బాగుచేశారు. నేలమీద ఆ చేయి తన బరువు తానే ఎత్తుకోలేదు!

2035 నాటికి మన అంతరిక్ష కేంద్రం కట్టాలన్నది లక్ష్యం. దాన్ని కట్టడానికీ, కాపాడుకోవడానికీ ఇలాంటి చేతులే కావాలి. ఈ విద్య పెద్ద నగరాల ప్రయోగశాలలకే పరిమితం కాకూడదు. తెనాలి, బాపట్ల, రేపల్లె కుర్రాళ్ల ఐటీఐ, పాలిటెక్నిక్ బల్లల మీదికి మరచేయి నమూనా రావాలని నేను గట్టిగా కోరుతున్నాను. నిజాంపట్నంలో పడవ ఇంజిన్లు విప్పే మేస్త్రీలనూ పిలవాలి. నడిసముద్రంలో ఇంజిన్ ఆగితే దగ్గరున్న స్పానర్లతోనే గట్టెక్కాలని వాళ్లకు తెలుసు. ఆ మరచేయి కీళ్లు వాళ్ల చేతికిచ్చి, ఎక్కడ బిగుసుకుపోతుందో చూడమనాలి.