దాచుకున్న అంకెలు

అమెరికాలో చదివే పిల్లలున్న ఇళ్లకు, గ్రాఫులు గీసే టి.ఐ-84 కాలిక్యులేటరు అప్పుడప్పుడూ వస్తుంటుంది. దాని మీద ఒకటిని మూడుతో భాగించి, వచ్చినదాన్ని అలాగే మూడుతో హెచ్చవేయండి. సరిగ్గా ఒకటి! అదే, తెర మీది పది మూళ్లనూ మీరే కొట్టి హెచ్చవేస్తే పది తొమ్మిదులు. ఆ పది వెనుక మరో నాలుగు అంకెలు యంత్రం కడుపులో దాచుకుంటుంది మరి. మొత్తం పద్నాలుగు తొమ్మిదులను పది అంకెల తెరకు సవరించేసరికి ఒకటవుతుంది. లెక్క తెగలేదు, చిల్లర కనబడలేదు, అంతే.

కాగితానికి అలాంటి కడుపు లేదు. 1957లో నయాపైసలు వచ్చినప్పుడు అణాకు 6, మూడణాలకు 19! మూడుసార్లు అణా చొప్పున కొన్నవాడు 18తో బయటపడ్డాడు.

పైసతో పోతే సరే. భోగాపురంలో ముగ్గురు అన్నదమ్ములు ఎకరం పంచుకుంటూ తలా 33 సెంట్లని రాసుకున్నారు. కూడితే 99. మిగిలిన సెంటు ఎవరిది? (అత్తరు కాదు సుమండీ, 48.4 చదరపు గజాల నేల.) విమానాశ్రయానికి 2023 మే 3న శంకుస్థాపన జరిగిన చోట అది చిన్న మాటా? పెద్దాయన, "నేను పెద్దవాణ్ణి గదా" అన్నాడు. చిన్నవాడు కంచం ముందు నుంచి లేచిపోయాడు.

సెంట్లు మాని చదరపు అడుగుల్లో రాయమన్నాను. ఎకరానికి 43,560. మూడుతో నిశ్శేషంగా పోతుంది, తలా 14,520.