రాతి సాక్ష్యము

సంఘములో ఒక బిడ్డ వయస్సును గూర్చి తగవు వచ్చినయెడల పెద్దలు ఏమి చేయుదురు? బాప్తిస్మపు రిజిస్టరు తెప్పించి చూతురు. అవ్వ చెప్పు కథ ఎంత ఇంపుగా నున్నను తేదీకి అది చాలదు. మరి మన రాజుల విషయములో ఈ న్యాయమును ఏల మరచుచున్నాము?

పాలకుర్తి సంగతి చూడుడి. పాల్కురికి సోమనాథ కవి మా ఊరివాడని అచ్చటివారు గర్వించుదురు. ఆయన ఏ కాలపువాడని అడిగితిమా, ప్రతాపరుద్రుని కాలమువాడందురు. ఏ ప్రతాపరుద్రుడు? ఓరుగల్లు కాకతీయులలో ఆ పేరుగలవారు ఇద్దరు. మొదటివాడగు రుద్రదేవుడు 1195లో గతించెను. రెండవవాడు 1289 నుండి 1323 వరకు ఏలెను. నడుమ దాదాపు నూరేండ్ల యెడము! పండితులే రెండు పక్షములై వాదించిరి. పేరు ఒకటైనంత మాత్రమున మనిషి ఒకడగునా?

రుద్రమదేవి 1295 వరకు ఏలెనని పుస్తకములలో చాలకాలము వ్రాసిరి. అంతలో నల్లగొండ జిల్లా చందుపట్లలో ఒక శాసనము బయటపడెను. దాని తేదీ శక సంవత్సరము 1211, విరోధి, మార్గశిర శుద్ధ ద్వాదశి; అనగా 1289 నవంబరు 27. శివలోకమునకేగిన రుద్రమకును, ఆమె సేనాని మల్లికార్జున నాయకునికిని పుణ్యముగా పువ్వుల ముమ్మడి యనువాడు భూమి దానమిచ్చెనని అందులో నున్నది. ఒక బంటు నిలిపిన రాయి ఆరేండ్ల ఏలుబడిని కొట్టివేసెను!

ఆమె కాయస్థ అంబదేవునితో పోరి మడిసెనని నేడు సభలలో ఢంకా కొట్టి చెప్పుచున్నారు. అంబదేవుడు తిరుగబడినమాట నిజమే. రాణియు సేనానియు కలిసి గతించినట్లు తోచుచున్నది. కావున ఆ ఊహ బలమైనదే. అయినను రాయి యుద్ధము మాట ఎత్తలేదు, శత్రువు పేరు చెప్పలేదు. ఊహను ఊహయనియే చెప్పవలెను.

“చచ్చిపోయిన రాజుల తేదీలకు ఇంత పట్టింపు ఎందుకు?” అని కొందరు అడుగుదురు. తేదీ తప్పినయెడల కారణమును తప్పును. రుద్రమ 1295 వరకు బ్రదికియుండినచో మనుమడు ప్రతాపరుద్రుడు పెద్దదిక్కు నీడలో నెమ్మదిగా రాజ్యమునకు వచ్చినవాడగును. 1289లోనే ఆమె గతించినందున, తిరుగుబాటు మంటల నడుమ సింహాసనమెక్కినవాడగుచున్నాడు. ఈ రెండు కథలును ఒకటి కావు. పూర్వులను పొగడుటకై పలికినను అబద్ధము అబద్ధమే.

కావున మీ పొలము గట్టున గాని, పాత గుడి వాకిట గాని అక్షరములున్న రాయి కనబడినయెడల దానికి సున్నము పూయకుడి. మెట్టుగా వేయకుడి. దానిమీద బట్టలుతుకకుడి. పురావస్తు శాఖవారికి కబురు చేయుడి. ఆ రాయి పగిలినయెడల, అది పలుకవలసిన సాక్ష్యమును మరి యెవరు పలుకుదురు?