గోల్కొండ కోటలో గోల్ఫ్.. దేవరకొండ కుర్రాడికి ఛాన్స్ ఉందా?

గోల్ఫ్ అనగానే కళ్ల ముందుకొచ్చేది పచ్చటి మైదానం, తెల్ల టోపీ, పక్కన బ్యాటరీ బండి. ‘అది మనోళ్ల ఆట కాదులే’ అని ఛానల్ మార్చేస్తాం. కానీ దేవరకొండలో పొద్దున్నే హైదరాబాద్ బస్సెక్కితే మధ్యాహ్నం లోపు చేరుకునే దూరంలోనే 18 హోల్స్ గోల్ఫ్ కోర్సు ఉంది. అదీ ఎక్కడో కాదు.. గోల్కొండ కోటలో భాగమైన నయా ఖిల్లాలో! పర్యాటక శాఖ భాగస్వామ్యంతో హైదరాబాద్ గోల్ఫ్ అసోసియేషన్ దీన్ని నడుపుతోంది. దేశంలోని ప్రొఫెషనల్ గోల్ఫర్లు ఆడే పీజీటీఐ టూర్‌లోని ‘గోల్కొండ మాస్టర్స్’ టోర్నీకి ఇదే వేదిక.

మరి వందల ఏళ్ల నాటి కోటలో, సర్కారు చేయి వేసిన చోట, ఛాంపియన్లు ఆడే మైదానంలో మామూలు మనిషి ఓ రౌండ్ ఆడగలడా? (దేవరకొండ అని సెర్చ్ చేస్తే ముందు హీరో ఫొటోలొస్తాయి. ఇక్కడ మాట్లాడుతున్నది నల్గొండ జిల్లా దేవరకొండ గురించి.)

క్రికెట్‌లో కుదరదు.. గోల్ఫ్‌లో కుదురుతుంది

ఉప్పల్ స్టేడియంలో కోహ్లీ ఆడిన పిచ్ మీద మర్నాడు మనం బ్యాట్ పట్టుకుంటామంటే సెక్యూరిటీ వాళ్లు గేటు దాకా కూడా రానివ్వరు. గోల్ఫ్ లెక్క వేరు. ఛాంపియన్‌షిప్ కోర్సు అంటే మామూలుగా 18 హోల్స్, మొత్తం దాదాపు 7,000 గజాల పొడవు. ఒక్కో హోల్‌కు బంతి కొట్టడం మొదలుపెట్టే చోట్లు, అంటే టీలు, మూడు నాలుగు ఉంటాయి. ప్రొఫెషనల్స్ వెనక టీ నుంచి కొడతారు, కొత్తవాళ్లు ముందు టీ నుంచి కొడతారు. చివరికి అందరూ బంతిని పడేయాల్సింది నాలుగుంపావు అంగుళాల గుంతలోనే. టోర్నీ ముగిశాక అదే మైదానంలో, అదే గుంతల వైపు సామాన్యుడూ ఆడొచ్చు. పబ్లిక్ ఛాంపియన్‌షిప్ కోర్సుకు అంత క్రేజ్ అందుకే.

అమెరికాలో న్యూయార్క్ దగ్గర బెత్‌పేజ్ బ్లాక్ అనే కోర్సు ఉంది. అదో స్టేట్ పార్క్, అంటే ప్రభుత్వ స్థలం. 2002, 2009లో యూఎస్ ఓపెన్, 2019లో పీజీఏ ఛాంపియన్‌షిప్, 2025లో రైడర్ కప్ అక్కడే జరిగాయి. అంత పెద్ద కోర్సులో ఆడాలంటే మెంబర్‌షిప్ అక్కర్లేదు. ముందుగా బుక్ చేసుకోవచ్చు. లేదంటే ముందు రోజు రాత్రే వెళ్లి నంబర్లు వేసిన పార్కింగ్‌లో కారు పెట్టుకుని, అందులోనే పడుకుని, తెల్లారి లైన్‌లో నిలబడొచ్చు. మన దగ్గర కొత్త సినిమా బెనిఫిట్ షో టికెట్ల కోసం పడే తిప్పల్లాంటిదే. ఆ రాష్ట్రం వాళ్లకు రేటు తక్కువ, బయటివాళ్లకు ఎక్కువ. మొదటి టీ దగ్గరే ‘ఇది చాలా కష్టమైన కోర్సు, బాగా ఆడేవాళ్లకే మంచిది’ అని హెచ్చరిక బోర్డు ఉంటుంది. అయినా ఎవరూ వెనక్కి తగ్గరు. ఆ చుట్టుపక్కల మన తెలుగువాళ్లకు కొదవ లేదు, అందుకే అక్కడి గోల్ఫ్ ముచ్చట్లు ఇక్కడి ఇళ్లకూ చేరుతున్నాయి. తెలుగు కుటుంబంలో పుట్టి కాలిఫోర్నియాలో పెరిగిన సాహిత్ తీగల 2023లో ఫోర్టినెట్ ఛాంపియన్‌షిప్ గెలిచి పీజీఏ టూర్ విజేత అయ్యాక ఆ ముచ్చట్లు ఇంకా పెరిగాయి.

స్కాట్లాండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్సుదీ అదే దారి. ఒక్క రౌండ్‌కు 300 పౌండ్లకు పైనే, అంటే చవక మాత్రం కాదు. కానీ బయటివాళ్లకు లాటరీ పద్ధతిలో కూడా టైమ్ ఇస్తారు. ఆదివారం మామూలుగా ఆట బంద్. ఆ రోజు ఊరివాళ్లు కుక్కల్ని తిప్పుకుంటూ ఆ గడ్డి మీద నడుస్తారు! పబ్లిక్ అనే మాటకు అర్థం ఫ్రీ అని కాదు. ఎవరు, ఎప్పుడు, ఎంత కట్టి రావచ్చో అందరికీ ఒకేలా తెలియడం.

మన దేశంలోనూ ఉదాహరణ ఉంది. ఢిల్లీ లాడో సరాయ్‌లో డీడీఏ 2000లో కుతుబ్ గోల్ఫ్ కోర్సు తెరిచింది. దేశంలో తొలి పబ్లిక్ గోల్ఫ్ కోర్సుగా దానికే పేరు.

నయా ఖిల్లా కథ వేరే..

17వ శతాబ్దంలో మొఘలుల దాడి తర్వాత అబ్దుల్లా కుతుబ్‌షా కాలంలో గోల్కొండకు కలిపిన భాగమే నయా ఖిల్లా. ‘హాతియాన్ కా ఝాడ్’ అని పిలిచే వందల ఏళ్ల నాటి బాబాబ్ చెట్టు ఉన్నది ఇక్కడే. పురావస్తు శాఖ తవ్వకాల్లో కుతుబ్‌షాహీల నాటి తోట ఆనవాళ్లూ బయటపడ్డాయి. అలాంటి చోట గోల్ఫ్ ఏంటని వారసత్వ ప్రేమికులు ఏళ్లుగా అడుగుతున్నారు. వాళ్ల అభ్యంతరాన్ని తేలిగ్గా తీసేయలేం. కోట చూద్దామని వచ్చినవాడికి, గోల్ఫ్ ఆడేవాడికి ఒకే చోట దారి ఇవ్వాలంటే ఒకరికి ఇబ్బంది తప్పదు. బంతి వచ్చి తగిలితే మామూలు దెబ్బ కాదు మరి.

దేవరకొండలోనూ ఓ కోట ఉంది. పద్మనాయక రాజులు ఏలిన కోట అది. అక్కడ గోల్ఫ్ లేదు, గేటు గొడవ లేదు. ముళ్లపొదలు దాటుకుంటూ ఎవరైనా ఎక్కొచ్చు. ఆ కోటను చూసిన కుర్రాడికి నయా ఖిల్లా ఇంకో లోకంలా అనిపిస్తే తప్పు అతనిది కాదు.

‘అయితే దేవరకొండలోనే ఓ గోల్ఫ్ కోర్సు కట్టేస్తే పోలా?’ అనేవాళ్లుంటారు. అది అయ్యే పని కాదు, అవసరమూ లేదు. ఎండలు మండే చోట 18 హోల్స్ గడ్డిని పచ్చగా ఉంచాలంటే రోజుకు లక్షల లీటర్ల నీళ్లు కావాలి. డిండి ఆయకట్టుకే నీళ్లు ఎప్పుడొస్తాయా అని ఎదురుచూసే ప్రాంతంలో ఆ మాట ఎత్తితే తండాల్లో ఏమంటారో చెప్పనక్కర్లేదు. ఊళ్లకు కావాల్సింది 2022లో మొదలుపెట్టిన గ్రామ క్రీడా ప్రాంగణాలు బోర్డులకే పరిమితం కాకుండా ఆడుకునేలా ఉండటం.

కానీ ఇప్పటికే ఉన్న కోర్సు సంగతి వేరు. వారంలో కొన్ని టీ టైమ్‌లు మెంబర్లు కాని వాళ్లకు, అందులో కొన్ని జిల్లాల పిల్లలకు అని పెట్టడానికి పర్యాటక శాఖకు కొత్తగా ఎకరం భూమి కూడా అక్కర్లేదు. ఆట నేర్చుకోవడానికి డబ్బే దారి కాదని చెప్పడానికి అలీ షేర్ చాలు. ఢిల్లీలో క్యాడీగా బ్యాగులు మోసిన ఆయన 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచాడు. 1993లో మళ్లీ గెలిచాడు. మైదానంలోకి అడుగుపెట్టే వీలు దొరికింది కాబట్టే అది జరిగింది.

వెళ్లాలనుకుంటే ఇవి తెలుసుకోండి

గోల్ఫ్ కోర్సులకు నేరుగా వెళ్లిపోతే గేటు దగ్గరే ఆగిపోవాల్సి వస్తుంది. ముందే ఫోన్ చేసి మూడు విషయాలు అడగాలి. మెంబర్ కాని వాళ్లకు ఏ రోజుల్లో టైమ్ ఇస్తారు? గ్రీన్ ఫీజు ఎంత, అందులో క్యాడీ ఖర్చు కలిసి ఉందా? హ్యాండిక్యాప్ సర్టిఫికెట్ తప్పనిసరా? చాలా చోట్ల కాలర్ ఉన్న టీషర్ట్ ఉండాలి, జీన్స్ ఒప్పుకోరు. 18 హోల్స్ పూర్తి చేయాలంటే నాలుగైదు గంటలు, ఆరేడు కిలోమీటర్ల నడక. మొదటిసారి వెళ్లేవాళ్లు రౌండ్ సంగతి పక్కనపెట్టి డ్రైవింగ్ రేంజ్‌లో ఓ బకెట్ బంతులు కొట్టి చూడటం మేలు. ఖర్చు తక్కువ. బంతి గాల్లోకి లేవడానికే ఎంత కష్టపడాలో పది నిమిషాల్లో తెలిసిపోతుంది.