మా అబ్బాయి లాప్‌టాపు, నా లినక్సు

నాకు లినక్సుతో ఇరవై ఏళ్ళ పరిచయం. పరిచయం అన్నాను గానీ కాపురం అనలేదు, గమనించగలరు. మధ్యమధ్యలో అలిగి విండోస్ గూటికి పోవడం, మళ్ళీ బుద్ధి మారి తిరిగి రావడం, ఇలాగే నెట్టుకొచ్చాను.

మొదటిసారి 2006లో, కాకినాడలో ఇంజనీరింగు హాస్టల్లో. ఆ రోజుల్లో ఉబుంటు సీడీలు కావాలని అడిగితే చాలు, పోస్టులో ఉచితంగా పంపేవారు. విదేశం నుంచి నా పేరు మీద వచ్చిన మొదటి వస్తువు ఆ కవరే. నలుగురి కంప్యూటర్లలో ఎక్కించేశాను. స్వేచ్ఛ, సోర్సు కోడు, పైరసీ మహాపాపం అంటూ రాత్రి రెండింటిదాకా ఉపన్యాసం కూడా దంచాను. తెల్లారి ఒకడు పాట పెడితే పాడలేదు. ఎం.పి.3 పాడాలంటే ఏదో కోడెక్ విడిగా దించుకోవాలి, హాస్టల్లో నెట్టేమో లేదు. ఇంకొకడు ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ పెట్టబోయాడు, అదీ నడవలేదు. సాయంత్రానికల్లా నాలుగింట్లోకీ దొంగ విండోస్ తిరిగొచ్చేసింది. "ఒరేయ్, నీ స్వేచ్ఛలో ఆటా లేదు, పాటా లేదు" అన్నాడు మా రూమ్మేటు. ఆ మాటకి నా దగ్గర చాలా ఏళ్ళు జవాబు లేదు.

ఇక ఇప్పటి సంగతి. డల్లాస్ దగ్గర మా ఇంట్లో 2017లో కొన్న లాప్‌టాపు ఒకటుంది. ఏడో తరం ఇంటెల్ ప్రాసెసరు, చిన్నపాటి ఎన్విడియా కార్డు. విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో అయిపోయింది. 11 వేసుకోవాలంటే, ఏవో ఒకటీ అరా మినహాయింపులు తప్ప, ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచే అర్హత. అంతా కుదిరి గోత్రం దగ్గర తప్పిపోయిన సంబంధంలా ఉంది వ్యవహారం. కీబోర్డు బాగుంది, తెర బాగుంది, మెమరీ బోలెడుంది. "కొత్తది కొనేద్దురూ, వాడు రోజూ సతాయిస్తున్నాడు" అంది మా ఆవిడ. వాడంటే మా పన్నెండేళ్ళ సుపుత్రుడు. బాగున్న వస్తువుని తేదీ చూసి పారేయడం నాకు మనస్కరించలేదు. ఒక శనివారం కూర్చుని దాంట్లో బజైట్ ఎక్కించాను.

బజైట్ అంటే ఆటల కోసమే తయారుచేసిన ఓపెన్ సోర్సు ఆపరేటింగ్ సిస్టం (నిర్వాహక వ్యవస్థ అనాలట, నా వల్ల కాదు). ఫెడోరా మీద కట్టారు. దించుకునే ముందే మీ గ్రాఫిక్స్ కార్డు ఏ కాలం నాటిదని అడిగి దానికి తగ్గ ఇమేజి ఇస్తారు. డ్రైవరు కోసం అర్ధరాత్రి దాకా టెర్మినల్‌తో కుస్తీ పట్టిన నా బోటి పాతకాపులకి ఇదే పెద్ద వింత. ఇందులో ఇంకో సుఖం ఉంది. సిస్టం భాగాన్ని మామూలుగా ఎవరూ కెలకలేరు. అద్దె ఇంట్లో బీరువా సర్దుకోవచ్చు గానీ గోడ పగలగొట్టలేం కదా, అలాగన్నమాట. అప్‌డేటు వస్తే మొత్తం కొత్త ఇమేజిగా దిగుతుంది, పాతది పక్కనే ఉంటుంది. కొత్తది మొరాయిస్తే బూట్ మెనూలో పాతదాన్ని ఎంచుకోవడమే. కాన్ఫిగ్ ఫైళ్ళు కెలకడమే లినక్సు అనుకుని పెరిగినవాణ్ణి, మొదటి వారం నాకు చేతులు కట్టేసినట్టు ఉంది. రెండో వారం ఆ లాప్‌టాపు సంగతే మర్చిపోయాను. ఇంట్లో లాప్‌టాపుకి ఇంతకన్నా పెద్ద సర్టిఫికెట్ ఏముంటుంది?

విండోస్ ఆటలు ఇందులో ఎలా నడుస్తాయంటే, మధ్యలో దుబాసీ ఉంటాడు. 1993లో మొదలైన వైన్ అనే ప్రాజెక్టు, విండోస్ ప్రోగ్రాము అడిగే పనుల్ని లినక్సుకి అర్థమయ్యేలా చెబుతుంది. దాని మీద కట్టి వాల్వ్ కంపెనీ 2018లో ప్రోటాన్ తెచ్చింది. 2022లో స్టీమ్ డెక్ అనే చేతిలో పట్టుకునే యంత్రం తెచ్చాక పని ఇంకా జోరందుకుంది. విండోస్ బొమ్మల భాషని వల్కన్‌లోకి మార్చే డీఎక్స్‌వీకే అన్న ముక్క ఇందులో ప్రాణం లాంటిది. దాన్ని రాయడం మొదలుపెట్టిన ప్రోగ్రామరు నియర్ ఆటోమేటా అనే ఆట తన లినక్సులో ఆడుకోవాలనుకున్నాడు, అంతే. మహోద్యమమేమీ కాదు, ఆట మీద యావ!

నాకు నచ్చింది ఇదే. ఇన్నేళ్ళూ మేం స్వేచ్ఛ గురించి ఉపన్యాసాలిచ్చాం, ఒక్కడూ కదల్లేదు. ఆట నడిచేసరికి మా వాడు అడక్కుండానే లినక్సు వాడేస్తున్నాడు. అది లినక్సని వాడికి తెలియను కూడా తెలియదు. వాల్వ్‌ది దానధర్మమని నేననను. సత్రం కట్టించినాయనకి పక్కనే కొట్టుంది. స్టీమ్ ఓపెన్ సోర్సు కాదు, అందులో మనం కొనేది ఆడుకునే అనుమతే. బజైట్ కూడా కొద్దిమంది ఔత్సాహికుల మీద నిలబడ్డ కొంప. 2025 జూన్‌లో ఫెడోరాలో 32 బిట్ల ప్యాకేజీలు తీసేద్దామని ప్రతిపాదన వస్తే, అదే జరిగితే బజైట్ మూసేసుకోవాల్సిందే అని దాన్ని మొదలుపెట్టినాయనే అన్నాడు. ప్రతిపాదన కొద్ది రోజుల్లో వెనక్కి పోయింది లెండి. ఇవన్నీ తెలిసే వాడుతున్నాను.

అసలు చిక్కు వేరే చోట వచ్చింది. స్కూల్లో మా వాడి స్నేహితులంతా రాత్రి ఏడింటికి కలిసి ఆడే ఆట ఒకటుంది. పేరెందుకు లెండి. అది లినక్సులో నడవదు. దుబాసీకి భాష రాక కాదు, ఆట వాళ్ళే రానివ్వరు. ఇలాంటి ఆటలు చాలావాటిలో తొండి పట్టుకునే సాఫ్టువేరు ఉంటుంది. అది విండోస్ కెర్నెల్‌లోకి వెళ్ళి కూర్చుంటుంది. కెర్నెల్ అంటే ఇంట్లో పూజగది, ఇనప్పెట్టె, వంటిల్లు అన్నీ ఒక్కటైన చోటు. లినక్సులో అలా కూర్చోబెట్టడం కుదరదు కాబట్టి గుమ్మంలోనే ఆపేస్తారు. ఏపెక్స్ లెజెండ్స్ అయితే అంతకుముందు లినక్సులో నడిచేదే, తొండి ఎక్కువైందని 2024 అక్టోబరు చివర్లో ఆపేశారు.

తొండి నిజమే, కాదనను. గోలీలాటలో తొండి చేసినవాణ్ణి మేమూ వెలేశాం. కానీ గోలీలాటకి పిలిచి మీ ఇంటి తాళాలు ఇస్తేనే రానిస్తామంటే? 2024 జులై 19న ఒక భద్రతా సంస్థ పంపిన తప్పుడు ఫైలు వల్ల 85 లక్షల విండోస్ యంత్రాలు నీలం తెర వేసుకుని కూర్చున్నాయి, విమానాలు ఆగిపోయాయి. అదీ కెర్నెల్‌లో కూర్చున్న సాఫ్టువేరే. క్లయింటు ఇచ్చిన లాప్‌టాపులో ఏమేం పెట్టారో నేనెప్పుడూ అడగను, ఆ యంత్రం వాళ్ళది. ఇది నాది. నేను డబ్బులు పెట్టి కొన్న యంత్రంలో ఎవరుండాలో ఆటలమ్మేవాడు చెప్పడమేమిటని నా వాదన.

ఈ వాదన మా అబ్బాయికి చెప్పాను. బొమ్మ గీసి మరీ చెప్పాను. శ్రద్ధగానే విన్నాడు. "ఓకే నాన్నా, మరి నేను ఏడింటికి ఏం చెయ్యను?" అన్నాడు.

ఇక్కడ నాకు నిజంగా గొంతులో వెలక్కాయ పడింది. పట్టుదల నాది, ఒంటరిగా కూర్చునేది వాడు. హాస్టల్లో నా మాట నచ్చనివాళ్ళు సాయంత్రానికల్లా సీడీ మార్చేసుకున్నారు, వీడికి ఆ వీలు లేదు. మనూళ్ళో అయితే వీధిలోకి వెళితే పదిమంది పిల్లలుంటారు. ఇక్కడ కారెక్కితే గానీ స్నేహితుడి మొహం కనబడదు, వాళ్ళ వీధి అరుగు ఆ ఆటే. అందరూ అరుగు మీదుంటే, వీడొక్కణ్ణీ మంచి సిద్ధాంతమున్న ఇంట్లో కూర్చోబెట్టాను. విండోస్ మళ్ళీ ఎక్కించనా అని రెండు రాత్రులు ఆలోచించాను. ఎక్కించలేదు. అలాగని ఏదో గెలిచినట్టూ లేదు. శుక్రవారం రాత్రి స్నేహితుడింటికి వెళ్ళి వాళ్ళ కంప్యూటర్లో ఆడుకునే ఒప్పందం కుదిరింది. తీసుకెళ్ళే డ్రైవరుని నేనే, పోనూ రానూ నలభై నిమిషాలు. ఆ సిద్ధాంతం ఖరీదులో నా వాటా అది. ఇంట్లో ఉన్నప్పుడు ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 కొత్త రూపంలో ఇద్దరం ఆడుతున్నాం. బజైట్‌లో హాయిగా నడుస్తోంది. మా రూమ్మేటుకి స్క్రీన్‌షాట్ పంపితే "పాట వస్తోందా?" అని ఒక్క ముక్క రాశాడు.

పోయిన శుక్రవారం ఆ స్నేహితుడి వాళ్ళ నాన్నగారు గుమ్మంలో పట్టుకున్నారు. "ఏమండీ, మాదీ పాత మెషీనే, మీవాడికి వేసిన ఆ బజైట్ ఏదో మాక్కూడా వేసిపెడతారా?" అన్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఈ ఆదివారం వస్తానని మాటిచ్చేశాను. కారెక్కాక మా వాడు కాసేపు మాట్లాడలేదు.

"నాన్నా, వాళ్ళ దాంట్లో వేస్తే ఆ గేమ్ అక్కడ కూడా రాదు కదా?"

"రాదు."

"అయితే వద్దులే నాన్నా, ప్లీజ్" అన్నాడు.

ఆదివారం ఇంకా రెండు రోజులుంది.