పాములకు మనపై మమత గలదా?



ఇప్పుడు పాములవారు అరుదైరి గాని, నాగులచవితి నాఁటికి మా వడ్డాదిలో ఎవఁడో యొకఁడు బుట్ట దింపును, పిల్లలు మూఁగుదురు. వాని మెడకుఁ జుట్టుకొనిన నాగుపామును జూచి “ఎంత మచ్చికయో!” అని పెద్దవారును మురియుదురు. ఆ మచ్చిక మమతయేనా?

పామునకు వెలుపలి చెవులు లేవు. నాగస్వరపు రాగమునకు ముగ్ధమై యది యాడదు. కదలుచున్న బుఱ్ఱను జూచి బెదరి, పడగ విప్పి దానివెంటఁ గదలును. నాట్యమని మనము మెచ్చునది దానికి భయము. నాలుక చాఁచి గాలిలోని వాసనలను గొని, అంగిటియందలి యొక యవయవముచే వానిని గుర్తించును. కావున దినదినము తన్నంటు చేతి వాసనకు అలవడి బెదరుట మానవచ్చును. బెదరకుండుట వేఱు, ప్రేమించుట వేఱు. కుక్క యజమానుని రాకకై వాకిటఁ గాచియుండును. పాము మూఁత తెఱచిన దారిఁ బోవును. మన మెడ దానికి వెచ్చని కొమ్మ.

అట్లని వానికి హృదయమే లేదనరాదు. మా చెంతనున్న మాడుగుల కొండలలోని గిరినాగు, రాలిన యాకులను బోగుచేసి గూడు కట్టి, గ్రుడ్లను రెండు నెలలకుఁ బైగాఁ గాచును. పాములలో గూడు కట్టు తల్లి యిది యొక్కటియే. 2020లోఁ గెనడా శాస్త్రజ్ఞులు గార్టరు జాతి పాములను బరిశీలించి, అవి కొన్ని తోడిపాముల చెంతనే యుండఁగోరునని కనుఁగొనిరి. తోడు గోరును గాని, అది తమవారి తోడు.

భారతము ఆదిపర్వమున, పాముకాటునకు గుఱియైన ప్రమద్వరకై రురుఁడు కనఁబడిన సర్పము నెల్లఁ జంపుచుండఁగా, డుండుభ మొకటి తానేమి యపరాధము చేసితినని యడిగినది. మన ప్రేమ నది కోరలేదు, ప్రాణము మాత్రమే కోరినది.

తల్లులు మఱియొకటి గమనింపవలయును. కోఱలు పీఁకితినని చెప్పి పాములవాఁడు పిల్లలచే దానిని ముట్టించును. పీఁకిన కోఱకు మాఱుగా వేఱొకటి మొలచును! ఆ లోపల నోరు పుండై యాహారము మ్రింగలేక పాము కృశించును. చవితికిఁ బాలు త్రాగవలెనని కొన్నాళ్ళు నీరు పెట్టకుండ నుంచుటయుఁ గలదు. దాహముచేఁ ద్రాగిన యా పాలు దానికి జీర్ణింపవు. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి నాగుపామును బట్టి యుంచుట నేరము. మనము వేయు కాసులే యా బుట్టకు ఆధారము గదా! చలిమిడియుఁ జిమ్మిలియుఁ బుట్టకడ నుంచి మ్రొక్కి రండు. బుట్ట నింటిముందు దింపనీయకుఁడు. ఎవరికైనఁ గాటు పడినచో, కట్లు బిగింపక, మంత్రములకై కాలము పుచ్చక, ఆ యవయవమును గదలనీయక వెంటనే విషహరౌషధ మున్న యాసుపత్రికిఁ గొనిపొండు.