నల్లపూసలూ, నలుగురి ఫేషనూ

"ఏమే అక్కా, నల్లపూసవైపోయినవ్!" అంటూ మొన్న శుక్రవారం భోగేశ్వరస్వామి గుడిలో మా పిన్ని కూతురు నా చెయ్యి పట్టుకుంది. యిద్దరం మట్టెవాడలోనే వుంటాం. మధ్య రెండు సందులు. అయినా ఒకరి ముఖం ఒకరు చూసుకుని నెల దాటింది. ఆ మాట నోట్లో వుండగానే ఆమె చూపు నా మెడమీద పడింది. "కొత్తదా? ఏ షాపుల కొన్నవ్?" అన్నది. షాపు కాదు, మా ఎదురింటామె గుచ్చి యిచ్చింది అన్నాను. దానితో ఆమె ముఖం కొంచెం చిన్నబోయింది. ఎందుకో తరవాత చెబుతాను.

మామిడికాయ తొక్కు సంగతి యీ వారం పూర్తిచేస్తానని మాట యిచ్చాను. తొక్కు ఒక వారం ఊరితే రుచే గాని నష్టం లేదు. పూసల సంగతి ఆగేటట్టు లేదు. ఖమ్మం నుంచి ఒక సోదరి యిలా రాసింది: "కాలేజీకి పోయే మా అమ్మాయి రోజుకొక హారం ఫోనులో చూపించి, అటువంటిది చేసిపెట్టమంటుంది. నేను పూసలు తెచ్చి సగం గుచ్చేలోగా అది పాతబడిపోతుంది. డబ్బాలకొద్దీ పూసలు మిగిలిపోయాయి. ఏం చెయ్యను?"

ఆ సోదరికి నేను సలహా చెప్పడంకన్నా మా ఎదురింటామె పనిచేసే పద్ధతి చెప్పడం మేలు. ఆమె మాకు వరసకు ఏమీ కాదు. పిల్లలు చిన్నమ్మా అంటారు. నేనూ యిక్కడ అలాగే రాస్తాను. భర్త పోయి తొమ్మిదేళ్ళయింది. యిద్దరు పిల్లలు. మొదట చీరలకు ఫాల్ కుట్టేది, జాకెట్లకు హుక్కులు వేసేది. కళ్ళు పోయేంత పని, చేతికి వచ్చేది తక్కువ. అప్పుడు పూసల పనికి మారింది.

ఆమె యింటికి ఆడపిల్లలు ఫోనులు పట్టుకుని వస్తారు. సినిమా తార పెళ్ళిలో వేసుకున్న హారమో, బొంబాయి షాపువాళ్ళ ప్రకటనో చూపిస్తారు. చిన్నమ్మ కళ్ళద్దాలు సవరించుకుని చాలాసేపు చూస్తుంది. చూసి ఒకటే ప్రశ్న అడుగుతుంది.

"ఇందుల నీకు నచ్చింది ఏంది బిడ్డా?"

"అంతా నచ్చింది చిన్నమ్మా."

"అంతా నచ్చితే కొనుక్కోవాలె. నాతోని చేయించుకుంటే ఒక్కటి చెప్పు."

అక్కడ పిల్ల ఆలోచనలో పడుతుంది. పొడవు నచ్చిందా? రంగా? పూసకూ పూసకూ మధ్య వదిలిన ఖాళీయా? చివర వేలాడే కుచ్చా? కిందటేడు ఒక పిల్ల చూపించిన హారంలో ఆకుపచ్చ పూసలు గుత్తులుగా వున్నాయి. నడుమ అరచేయంత లాకెట్టు. అడగ్గా అడగ్గా తేలిందేమంటే, ఆ పిల్లకు నచ్చింది గుత్తి ఒక్కటే. లాకెట్టు బరువు ఆ సన్నని మెడ మొయ్యలేదు కూడా. చిన్నమ్మ సన్న ఆకుపచ్చ పూసలు ఐదు వరసలు గుచ్చి, వదులుగా మెలిపెట్టి, నడుమ ఆ పిల్ల నాయనమ్మ గుండ్లపేరులోనుంచి రాలి బీరువాలో పడివున్న బంగారు గుండు ఒకటి వేసింది. యేడాది దాటింది. ఆ సినిమా తార హారం యిప్పుడు ఎవరికీ గుర్తు లేదు. ఆ పిల్ల మాత్రం ప్రతి పండక్కీ అదే వేసుకుంటున్నది. ఖమ్మం సోదరి గమనించాలి: ఫేషనులోనుంచి ఒక్క ముక్క తీసుకుంటే, మిగతా పని యింట్లో వున్న పూసలతోనే నడుస్తుంది. కొత్తగా కొనవలసింది గుప్పెడు.

యిది కాపీ కాదా అని అడుగుతారేమో. ఫేషను తనంతట తాను పుట్టిన రోజు ఎప్పుడుంది గనుక! 1922లో ఈజిప్టులో టుటన్‌ఖామన్ అనే కుర్రరాజు సమాధి బయటపడింది. కొద్దికాలంలోనే పారిస్, లండన్ ఆడవాళ్ళ మెడల్లోకి ఈజిప్టు రంగులూ, ఈజిప్టువాళ్ళు పూజించే పేడపురుగు బొమ్మలూ దిగాయి. ఆ కాలంలోనే కోకో షనెల్ అనే ఫ్రెంచి ఆవిడ అసలు ముత్యాలతోపాటు గాజు ముత్యాలు కలిపి వేసుకుని, ఉత్తుత్తి నగ సిగ్గుపడవలసిన వస్తువు కాదని ధనవంతులచేతనే ఒప్పించింది. గాజుపూసలు గుచ్చుకునే మనమంతా ఆమెకు కాస్త ఋణపడి వున్నాం కాబోలు.

వాళ్ళు ఈజిప్టు దాకా పోగా లేనిది, మనకు పాలంపేట ఎంత? వరంగల్లునుంచి సుమారు 70 కిలోమీటర్లు. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన రామప్ప గుడి 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. ఆ తరవాత ఒక సెలవురోజు చిన్నమ్మనూ, పిల్లలనూ వెంటబెట్టుకుని వెళ్ళాం. అందరూ తలలెత్తి మదనికల నాట్యభంగిమలు చూస్తుంటే, ఆమె మెడలు మాత్రమే చూస్తున్నది. "చూసినవా అక్కా! మెడకు అంటింది ఒకటి, కిందికి జారేది ఒకటి. రెండిట్ల నడుమ జాగ వదిలిండు. దీన్నే గదా ఇప్పుడు పోరగాండ్లు కొత్త ఫేషనంటున్నది" అన్నది. అక్కడే ఒక మదనిక ఎత్తుమడమల చెప్పులు తొడుక్కుని వుంటుంది. మా అమ్మాయి తన చెప్పులవంక ఒకసారి, నావంక ఒకసారి చూసింది. యింట్లో ఆ చెప్పుల గురించి మాకు జరిగిన వాదన ఆ రోజుతో ముగిసిపోయింది, నా ఓటమితో.

పూసల తయారీలో కూడా మనవాళ్ళు తక్కువవాళ్ళు కారు. తిరుపతి జిల్లా పాపానాయుడుపేటలో గాజుపూసలు చేసే పద్ధతిని పరిశోధకులు వచ్చి చూసి రాసుకున్నారు. కొలిమిలో కరిగిన గాజును బోలుగా, సన్నని గొట్టంలా లాగుతారు. చల్లారాక చిన్న ముక్కలు నరుకుతారు. బెజ్జాలు పూడిపోకుండా బూడిద పట్టించి మళ్ళీ కాలుస్తారు, అంచులు గుండ్రబడతాయి. పుదుచ్చేరి దగ్గర అరికమేడులో రెండువేల యేళ్ళ కిందటి పూసలు దొరికినప్పుడు, అవి ఎలా చేసివుంటారో చెప్పడానికి యీ బతికున్న పనే ఆధారమయింది. అటువంటి సన్న పూసలు ఆనాడే మన తీరం నుంచి ఓడలెక్కి తూర్పు దేశాలకు పోయాయి.

యిక కొనేటప్పుడు చూసుకోవలసినవి. సన్న పూసకు నంబరు వుంటుంది. నంబరు పెరిగినకొద్దీ పూస చిన్నదవుతుంది. 8వ నంబరు సుమారు 3 మిల్లీమీటర్లు, 11వ నంబరు సుమారు 2. తెలియక పెద్ద నంబరు పెద్ద పూస అనుకుని నేను ఒకసారి పావుకిలో ఆవగింజలు మోసుకొచ్చాను. రంగు పూస అయితే నాలుగు గింజలు తడి తెల్లగుడ్డలో మూటకట్టి రాత్రంతా వుంచండి. గుడ్డకు రంగంటితే రేపు మీ జాకెట్టుకూ అంటుతుంది. దారానికి తేనెమైనం రాస్తే పోగులు లేవవు. ముత్యానికీ ముత్యానికీ మధ్య ముడి వెయ్యడం శ్రమే, కాని తెగిన రోజున ఒక్కటే రాలుతుంది. పొడవు ఫోనులో చూసి నిర్ణయించకండి. ఒక దారం తీసి మీ మెడకే చుట్టి చూసుకోండి. 16 అంగుళాలు ఒకరికి కంఠాన్ని అంటితే యింకొకరికి ఊపిరాడదు.

యిప్పుడు మా పిన్ని కూతురి ముఖం సంగతి. నా మెడలోవి నల్లపూసలు. గుచ్చింది భర్త లేని మనిషి.

చిన్నమ్మ యీ పని మొదలుపెట్టిన కొత్తలో వీధివాళ్ళు అన్నీ యిచ్చేవారు: ముత్యాలు, పగడాలు, పచ్చపూసలు. నల్లపూసలు మాత్రం చౌరస్తాకు తీసుకుపోయేవారు. ఒక యింటివాళ్ళు తెలియక యిచ్చారు. తెలిశాక దారం తెంపి, పూసలు కడిగి, మరోచోట గుచ్చించుకున్నారు. ఆ మాట ఆమెకు చేరవేసిన పుణ్యాత్ములు కూడా వున్నారు. ఒకరి సంగతి ఎందుకు? మా పెద్దమ్మాయి పెళ్ళికి ముత్యాల పేర్లన్నీ ఆమెచేతనే చేయించాను. నల్లపూసలు మాత్రం బజారులో యిచ్చాను. "కంసాలాయన గుచ్చే యిచ్చిండు చెల్లె" అని అబద్ధం చెప్పాను. "మంచిదక్కా" అని ఆమె తల ఎత్తకుండా ముళ్ళు వేసుకుంటూ వుండిపోయింది. పెళ్ళికి వచ్చింది. వెనకవరసలో కూర్చుని, తను గుచ్చిన ముత్యాలు పెళ్ళికూతురి మెడలో చూసుకుని, భోంచేసి వెళ్ళిపోయింది.

తరవాత ఫేషను వచ్చిపడింది. ఫేషన్లను వెక్కిరిస్తూ నేను యీ పేజీలో చాలాసార్లు రాశాను. కొన్ని మాటలు వెనక్కి తీసుకుంటున్నాను. రోమ్ నగరపు బుల్గరీ కంపెనీ 2021లో మన దేశంకోసమని మంగళసూత్రం తయారుచేసి అమ్మింది. అటువంటివి కొనగలవాళ్ళు కొన్నారు. మన వీధుల్లో జరిగింది వేరు. నల్లపూసలు గుండెలమీదనుంచి గొంతుకు ఎక్కాయి, అక్కడినుంచి మణికట్టుకు దిగాయి. పెళ్ళికాని పిల్లలు కూడా చేతికి నల్లపూసల గొలుసు వేసుకుని కాలేజీకి పోతున్నారు. మా అత్తమ్మ "ఇదేం చోద్యమమ్మా" అని బుగ్గలు నొక్కుకుంది. కాని ఆ పిల్లలు చిన్నమ్మను అడిగేది "ఎప్పుడిస్తవ్?" అనే. గుచ్చే చెయ్యి ఎవరిదని ఒక్క పిల్లా అడగలేదు. యిప్పుడు ఆమె పూసల డబ్బాలో సగం నలుపే.

పోయిన నెల నా నల్లపూసల దారం పీలికలయింది. పూసలు గిన్నెలో పోసుకుని ఎదురింటికి వెళ్ళాను. చిన్నమ్మ గిన్నె అందుకోలేదు.

"అత్తమ్మను అడిగినవా అక్కా?"

అడగలేదు.

"అడిగి రా. మళ్ళ తెంపేటట్టయితే నాకు చెయ్యబుద్ధి గాదు."

నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. బజారు గుచ్చుడు సంగతి ఆమెకు మొదటినుంచీ తెలుసన్నమాట.

యింటికి వచ్చాను. అత్తమ్మ గోకరకాయలు తుంచుతున్నది. ఆమెకు యెనభై, మామగారు వసారాలో పేపరు చదువుతున్నారు. విషయం చెప్పాను. ఆమె నాలుగైదు కాయలు తుంచేదాకా పలకలేదు.

"పెద్దపిల్ల పెండ్లిల ముత్యాలు ఆమెనే గదా గుచ్చింది?"

"అవునత్తమ్మా."

"ఒక్కటన్న రాలిందా?"

"రాలలేదు."

మళ్ళీ గోకరకాయలు. ఆఖరుకు కొంగుతో చేతులు తుడుచుకుని, తన మెడలోవి పైకి తీసి వెలుతురుకు పట్టి చూసుకుంది. "నాయి గూడ వదులైనయి. ఇయ్యాల మంగళారం. రేపు ఇయ్యి" అన్నది.

బుధవారం చిన్నమ్మ నన్నూ అదే ప్రశ్న అడిగింది, కొత్త ఫేషనులో నీకు నచ్చిన ఒక్కటి ఏమిటని. పొట్టిగా వుండడం అన్నాను. వంటింట్లో వంగినప్పుడల్లా పాతవి పళ్ళెంలో పడేవి మరి. నావి 18 అంగుళాలకు కుదించింది. నడుమ రెండు ముత్యాలు వేసింది. అత్తమ్మవి పాత కొలతకే. ఆమె లెక్కపెట్టి యిచ్చింది, లెక్కపెట్టి తీసుకుంది. తీసుకుని, ముడిని గోటితో గీరి చూసి, "గట్టిగనే ఉన్నది" అని మెడలో వేసుకుంది.

యిదంతా గుడి మెట్లమీద కూర్చుని చెబితే మా పిన్ని కూతురు ఔననలేదు, కాదనలేదు. ప్రసాదం కొంగున కట్టుకుని నాతో సందు మలుపు దాకా నడిచింది. అక్కడ ఆగి, "పొట్టిగ చేస్తే పాత పూసలు మిగులుతయా?" అన్నది.

మిగులుతాయి, నా వాటిలో మిగిలినవాటితో చిన్నమ్మాయికి చేతికొకటి అయింది అన్నాను.

"అట్లయితే ఆదివారం వస్తా. ఇంట్లనే ఉంటవా?"